మందు రాయడంలోనో ఇవ్వడంలోనో తప్పు జరిగి, రోగికి హాని జరగకపోయినా దాన్ని మందుల పొరపాటుగా లెక్కించాలా?

లెక్కించాలి, మందు రోగిని చేరకముందే పట్టుకున్నా అది పొరపాటే. ఫార్మ్-డి (ఫార్మసీలో డాక్టర్ డిగ్రీ) ప్రాజెక్టుకు మందుల పొరపాట్ల అంశం తీసుకునే విద్యార్థులకు వచ్చే సందేహమిది. ఈ పరిశోధనల్లో వాడే ఎన్‌సీసీ మెర్ప్ (మందుల పొరపాట్ల నివారణకు పనిచేసే అమెరికా మండలి) సూచికలో ఇంగ్లిష్ అక్షరాల్లో ఎ (A) నుంచి ఐ (I) దాకా 9 తరగతులున్నాయి. పొరపాటుకు ఆస్కారం ఉంటే ఎ, రోగిని చేరకముందే ఆగితే బి, చేరినా హాని చేయకపోతే సి. హాని ఇ (E) నుంచి మొదలవుతుంది. ఐ అంటే మరణం.

కారణం ఒకటే. హాని జరగడమనేది రోగి వయసు, బరువు, ఎవరైనా సమయానికి చూడటం మీద ఆధారపడుతుంది. పొరపాటు పుట్టిన చోటు మాత్రం మారదు.

8 కిలోల బిడ్డకు 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉండే పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ. పొయ్యమని చీటీ రాశారనుకోండి. మెడికల్ షాపులో 1 మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్ తీసి, అదే 5 మి.లీ. పొయ్యమంటే బిడ్డకు 500 మి.గ్రా. పడుతుంది, అంటే నాలుగు రెట్లకు పైనే! సీసా కౌంటర్ దాటకముందే చూసుకుంటే అది బి. దీన్ని లెక్కించకుండా వదిలేస్తే రెండు సీసాలూ అదే అరలో పక్కపక్కనే ఉండిపోతాయి. అందుకే పట్టుకున్నది ఎవరు, ఏ దశలో అన్నది కూడా పొరపాటు నమోదు చేసే ఫారంలో తప్పకుండా రాయాలి.

చాలామంది దుష్ప్రభావాన్ని కూడా పొరపాట్లలో కలిపేస్తారు. పెన్సిలిన్ రకానికి చెందిన అమాక్సిసిలిన్ సరైన మోతాదులో మొదటిసారి ఇచ్చినప్పుడు దద్దుర్లు వస్తే అది దుష్ప్రభావం. పెన్సిలిన్ పడదని కేస్ షీట్‌లో ఉన్నా చూడకుండా అదే మందు ఇస్తే, దద్దుర్లు రాకపోయినా పొరపాటే.