అమ్మడుకు, ఎలుకల మందు విషయమై

చి. ల. సౌ. అమ్మడుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోనులో మాట్లాడుతూ, నీ వంటింట్లో చిట్టెలుకలు పడ్డాయనీ, అల్లుడుగారు ఆఫీసు పని మీద పుణె వెళ్లి ఉన్నా ఆ సంగతి నేనే చూసుకుంటానని నువ్వు ధైర్యంగా అన్నావనీ చెప్పినప్పుడు నాకు నిజంగా గర్వంగా అనిపించింది. గోడ మీద బల్లి కనబడితే మంచమెక్కి కూర్చుని, నేను వచ్చి తోలేదాకా కిందికి దిగని పిల్లవు నువ్వు. అయితే ఆ వెంటనే మీ అమ్మ చెప్పిన మిగతా మాటలకు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. కింది కిరాణా కొట్టులో ఎలుకల పేస్టు ట్యూబు కొని తెచ్చావట. ఆదివారం రాత్రి బిస్కెట్ ముక్కలకు రాసి గ్యాసు సిలిండరు వెనక, ఫ్రిజ్ కింద పెడతావట. ఇల్లుగలావిడకు తెలిస్తే నీ ఇల్లు శుభ్రంగా ఉండదనుకుంటుందని ఆమెకు చెప్పకుండానే కానిచ్చేస్తావట. నలభై ఏళ్ల కిందట నేను కూడా సరిగ్గా ఇలాగే అనుకున్నాను, ఇలాగే చేశాను. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు గనుక కాగితం మీద రాసి, దాన్ని ఫొటో తీసి నీకు పంపమని మీ అన్నయ్యకు ఇస్తున్నాను.

ముందుగా ఆ ట్యూబు సంగతి. మూత తీయకపోతే అలాగే ఉండనీ. మన కొట్లలో అమ్మే ఆ పేస్టుల్లో సాధారణంగా ఉండేది పసుపు ఫాస్ఫరస్. చూడడానికి పళ్లపేస్టులాగే ఉంటుంది, దాన్ని పళ్లపేస్టు అనుకుని నోట్లో పెట్టుకున్న పిల్లలున్నారు. తిన్న రోజున కడుపునొప్పి, వాంతులు వస్తాయి. ఆ తరువాత ఒకటి రెండు రోజులు మనిషి తేరుకున్నట్టే కనిపిస్తాడు, ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుని ఊపిరి పీల్చుకుంటారు, సరిగ్గా అప్పుడే కాలేయం దెబ్బతినడం మొదలవుతుంది. దానికి విరుగుడు మందంటూ లేదు. పద్నాలుగు నెలల పిల్లవాడు నేల మీద పాకుతూ, దొరికినదల్లా నోట్లో పెట్టుకునే ఇంట్లో, అందులోనూ వాడికి రోజూ చేతికిచ్చే బిస్కెట్ మీదే ఆ విషం రాసి నేల మీద పెట్టాలన్న ఆలోచన నీకెలా వచ్చిందమ్మా! కోప్పడుతున్నానని బాధపడకు. ఇంతకంటే పెద్ద కోపం నా మీద నాకే ఉంది, ఎందుకో చెబుతాను.

1984లో మేము విజయవాడ సత్యనారాయణపురంలో ఒక డాబా ఇంట్లో వెనక పోర్షనులో అద్దెకుండేవాళ్లం. మీ అన్నయ్యకు మూడేళ్లు, మీ అక్క నాలుగు నెలల పసిగుడ్డు. ఆ సంక్రాంతికి ముందే మీ తాతగారు ఊరి నుంచి కొత్త బియ్యం బస్తా పంపారు, దాన్ని డ్రమ్ములో పోసుకునే తీరిక లేక గోడవారగా నేల మీదే ఉంచాను. వారం తిరగకముందే బస్తా అడుగున చిల్లి పడింది, రాత్రుళ్లు అటక మీద పరుగులు మొదలయ్యాయి. ఇల్లుగలావిడ చాలా శుభ్రం మనిషి, మాటకూడా కరుకు. ఎలుకలు పడ్డాయంటే ఈ పిల్ల ఇల్లు ఇలా ఉంచుకుంటుందా అని నలుగురిలో అంటుందేమోనని నాకు బెంగ. అందుకని ఆమెకు చెప్పకుండా, మీ పెదనాన్నగారికి కూడా చెప్పకుండా, బజారులో బూడిదరంగు పొడి పొట్లం ఒకటి కొన్నాను. వెల్లుల్లిలాంటి వాసన వచ్చేది. అది జింకు ఫాస్ఫైడు అని నాకు తరువాత తెలిసింది. కడుపులోకి వెళ్లాక అక్కడి ఆమ్లంతో కలిసి విషవాయువై మనిషినైనా చంపుతుందని ఇంకా తరువాత తెలిసింది.

కనుమ నాడు మినపగారెలు చేసుకున్నాం. ఆ రాత్రి అందరూ పడుకున్నాక మిగిలిన గారెల్లోంచి ఒకటి తీసి అయిదు ముక్కలు చేసి, ఆ పొడి అద్ది, అయిదు కాగితం ముక్కల మీద పెట్టి అయిదు మూలల్లో ఉంచాను. మిగతా గారెల గిన్నె మూత సరిగా పెట్టకుండా పీట మీదే వదిలేశాను. పొట్లం కాగితం ఎవరి కంటా పడకూడదని పొయ్యిలో వేసి కాల్చేశాను. తెల్లవారి నేను పాలవాడి కోసం గుమ్మంలోకి వెళ్లి తిరిగి వచ్చేసరికి మీ అన్నయ్య వంటింటి గడప మీద కూర్చుని, చేతిలో సగం గారె పట్టుకుని, పెదాలకు నూనె పూసుకుని నవ్వుతున్నాడు. మూలలు వెతికాను. మూడు కాగితాల మీద ముక్కలున్నాయి, రెండు కాగితాలు ఖాళీగా ఉన్నాయి. ఆ రెండూ ఎలుక తిన్నదా, వీడు తిన్నాడా? గిన్నెలోది తీసుకున్నావా, మూలన ఉన్నది తీసుకున్నావా అని అడిగితే వాడు రెండింటికీ తలూపాడు.

భయంలో ఇంకొక తప్పు కూడా చేశాను. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించబోయాను. వాడు ఉక్కిరిబిక్కిరై ఏడుస్తుంటే రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరుగారు వాంతి చేయించమని మీకెవరు చెప్పారని గట్టిగా కోప్పడి, ఏ మందు పెట్టారో చెప్పండి, పొట్లం తెచ్చారా అని అడిగారు. పొట్లం బూడిదైపోయింది, పేరు నాకు తెలియదు. ఆయన ముఖం అప్పుడెలా మారిందో నాకిప్పటికీ గుర్తుంది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉంచి, రక్తపరీక్షలు చేసి, ఏమీ కాలేదని పంపించారు. నాకు మాత్రం అక్కడితో అయిపోలేదు. నాలుగో రోజున అటక మీద నుంచి దుర్వాసన వస్తే ఎక్కి చూశాం. చచ్చిన ఎలుక పక్కన కొరికిన గారె ముక్క ఒకటి దొరికింది. అయిదోది దొరకలేదు. వాడికి కాస్త ఒళ్లు వెచ్చబడినా, ఒక పూట అన్నం వద్దన్నా నాకు ఆ అయిదో ముక్కే కళ్లముందు మెదిలేది. ఆగస్టులో ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బియ్యం డ్రమ్ము జరిపితే, గోడకూ డ్రమ్ముకూ మధ్య, రాయిలా ఎండిపోయి, పంటి గాటు కూడా లేకుండా కనిపించింది. అంతకు ముందు మూడు నెలల నుంచీ మీ అక్క ఆ గదిలోనే పాకుతోంది. మీ పెదనాన్నగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్లి, పెరట్లో లోతుగా గొయ్యి తవ్వి పూడ్చి, చేతులు కడుక్కుని వచ్చి, మీ అక్కను ఎత్తుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

ఇంతా చేస్తే, ఆసుపత్రి సంగతి తెలిసి వచ్చిన ఇల్లుగలావిడ నన్ను తిట్టలేదు. "వెనక తూముకు జాలీ విరిగిపోయింది, నాకు చెప్తే గంటలో పూడ్పించేదాన్ని కదమ్మా" అన్నది. ఆ సాయంత్రమే మేస్త్రీని పిలిపించి, సిమెంటులో గాజు పెంకులు కలిపి ఆ తూము పక్క కన్నాలు పూడ్పించి కొత్త జాలీ పెట్టించింది. ఆ తరువాత ఆ ఇంట్లో ఎలుకను నేను చూడలేదు.

కాబట్టి ఇప్పుడే ఇల్లుగలావిడకు చెప్పు. పెంటికలు పడిన చోట, కొరికిన చోట ఫొటోలు తీసి, తేదీ వేసి, మర్యాదగా ఒక మెసేజి పెట్టు. రేపు ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సు దగ్గర మాట వచ్చినా అది నీకు ఆధారంగా ఉంటుంది. గోడలు, తూములు, గొట్టాల చుట్టూ ఉన్న కన్నాలు ఇంటివి, వాటి బాధ్యత ఆమెది. బియ్యం డబ్బా మూతలు, రాత్రి సింకులో గిన్నెలు నీవి. కింద కిరాణా కొట్టుంది గనుక ఎలుకలు అక్కడి నుంచే పైకి వస్తున్నాయనుకోవచ్చు, నీ ఒక్క వాటా సరిచేస్తే చాలదు, మిగతా వాటాలవాళ్లతోనూ కొట్టాయనతోనూ ఆమే మాట్లాడాలి. ఇంకొక మాట, కొట్టు బస్తాల మధ్య పురుగు పట్టకుండా మాత్రలు ఏమైనా పెడుతున్నారా అని తప్పకుండా అడిగించు. ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడు మాత్రలు గాలిలోని తేమకే విషవాయువు వదులుతాయి, ఆ వాయువు సందుల గుండా పై గదుల్లోకి కూడా వస్తుంది. ఎవరైనా వాటిని నీ ఇంట్లో పెడతామంటే మాత్రం గడప దాటనివ్వకు.

కన్నం వెతకడం ఓపికతో కూడిన పని. చిట్టెలుకకు పెన్సిలు పట్టేంత సందు చాలు, అందుకే మనం సందే కాదనుకునే చోట నుంచి వస్తుంది. రాత్రి పడుకునే ముందు గోడవారగా కాస్త ముగ్గుపిండి పలచగా చల్లి, పిల్లవాడు లేవకముందే టార్చి వేసి చూడు, అడుగుల జాడ ఏ మూలకు పోతే దారి అక్కడుంటుంది. సింకు కింద గొట్టం గోడలోకి పోయే చోటు, ఏసీ గొట్టం రంధ్రం, బాత్రూము జాలీ, వీధి తలుపు కింది సందు ముందుగా చూడు. గుడ్డలు, థర్మాకోలు కుక్కితే రెండు రాత్రుల్లో కొరికేస్తాయి. గిన్నెలు తోమే స్టీలు పీచును గట్టిగా కూరి, పైన సిమెంటు పూయించు. పెంటికలు బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుకలు, అంతకు రెండు మూడింతలుంటే పెద్ద ఎలుకలు. మూతి పొడవుగా ఉండి, కంపు కొడుతూ, గోడవెంట కీచుకీచుమంటూ పోయేది చుంచు; అది బొద్దింకలను, పురుగులను తింటుంది, దాని మీద నీకు కోపం అక్కరలేదు.

కన్నాలు పూడ్చే పని సాగుతుండగానే బోనులు పెట్టు. ఒకటి కాదు, ఆరు తెప్పించు, ఎందుకంటే ఆడ ఎలుక మూడు వారాలకొకసారి అయిదారు పిల్లలను పెట్టగలదు, ఆ పిల్లలు నెలన్నరకే మళ్లీ జతకట్టే వయసుకు వస్తాయి. ఎండుకొబ్బరి ముక్కను దారంతో కొక్కేనికి కట్టు, లేకపోతే తలుపు పడకుండానే లాక్కుపోతుంది. గోడను ఆనించి పెట్టాలి, గది మధ్యన పెడితే దండగ. పెట్టినవన్నీ కాగితం మీద రాసుకుని పొద్దున్నే లెక్క చూసుకో. బంక అట్టలు కొనవద్దు, ఆ మూగజీవి రెండు రోజులు కొట్టుకుంటూ చస్తుంది, అదీగాక పిల్లవాడి చెయ్యి దానికి అంటుకుంటే ఊడదీయడం నరకం. నాఫ్తలీను ఉండలకు ఎలుకలు పోవు, పిల్లలు మాత్రం వాటిని మిఠాయనుకుంటారు.

పెంటికలను పొడి చీపురుతో ఊడ్చవద్దు. బ్లీచింగు నీళ్లు చల్లి పది నిమిషాలు నాననిచ్చి, చేతులకు తొడుగులు వేసుకుని తడిగుడ్డతో తీసెయ్యి; ఎలుక మూత్రం వల్ల వచ్చే జ్వరం చిన్నదేమీ కాదు. పాలపొడి డబ్బా, పాలసీసా పీకలు స్టీలు డబ్బాలో పెట్టు. రాత్రి పడుకోబెట్టే ముందు పిల్లవాడి మూతి, చేతులు తప్పకుండా కడుగు, పాల వాసనకు ఎలుక పసివాళ్ల వేళ్ల దగ్గరికి వస్తుంది. గ్యాసు గొట్టం మామూలు రబ్బరుదైతే ఈరోజే మార్పించి, లోపల ఉక్కు తీగ అల్లిన నారింజరంగు సురక్ష గొట్టం వేయించు, పాతదాన్ని మార్చేటప్పుడు పంటి గాట్లు ఉన్నాయేమో చూసి నాకు చెప్పు. సిలిండరు వెనక పేస్టు పెట్టాలన్న దానివి, అక్కడ ఎలుక తిరుగుతోందన్న మాటే కదా అది.

పిల్లవాడు ఏ మందైనా నోట్లో పెట్టుకున్నాడన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా, బాగానే ఉన్నాడు కదా అని కూర్చోకుండా, 108కి ఫోను చేసి ఆ మందు పొట్లంతో సహా ఆసుపత్రికి వెళ్లాలి. ఇది నీ వంటింటి గోడ మీద రాసి పెట్టుకో.

ఈ సంగతంతా మీ అన్నయ్యకు నేనెప్పుడూ చెప్పలేదు. చిన్నప్పుడు ఏదో జ్వరానికి ఆసుపత్రిలో ఉన్నాననే అనుకుంటూ వచ్చాడు. ఈ కాగితాలు ఫొటో తీస్తూ ఇప్పుడే మొదటిసారి చదువుతాడు, నీతో మాట్లాడాలంటే మాట్లాడనీ. నేను శనివారం రాత్రి బండికి బయలుదేరుతున్నాను, మా ఇంట్లోని రెండు బోనులు తెస్తాను. అప్పటికి ఆ ట్యూబును కొట్టాయనకు తిరిగి ఇచ్చెయ్యి, తీసుకోనంటే రెండు కవర్లలో గట్టిగా కట్టి, విషమని రాసి, పిల్లవాడికి అందని చోట తాళం వేసి ఉంచు, నేను వచ్చి చూసుకుంటాను. మూత ఇప్పటికే తీసి ఉంటే ఎన్ని బిస్కెట్ ముక్కలకు రాశావో, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టి, ఇది చదివిన వెంటనే నాకు ఫోను చెయ్యి.

మీ పెద్దమ్మ