గింబల్ సంగతి తర్వాత, ముందు ఎన్‌డీ ఫిల్టర్ కొనండి

డీఎస్‌ఎల్‌ఆర్‌లో రా వీడియో (సెన్సర్ పట్టిన వివరాలను కెమెరా మార్చకుండా దాచేది) తీసినా ఎండలో జెర్కులు వస్తున్నాయి, ఆకాశం తెల్లగా పోతోంది, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే మోటారు పిడి) కొంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. పదిమందిలో తొమ్మిదిమందికి తేడా కొట్టేది చేతిలో కాదు, షట్టర్ స్పీడ్‌లో.

నా స్నేహితుడొకడు కెనాన్ 5డీ మార్క్ 3లో మ్యాజిక్ లాంటర్న్ అనే బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ వేసుకుని రా తీస్తుంటాడు. ఆ కెమెరాకు కంపెనీ రా వీడియో ఇవ్వలేదు. 2013లో మ్యాజిక్ లాంటర్న్ వాళ్లే దాన్ని బయటికి లాగారు. ఓసారి మిట్టమధ్యాహ్నం వాళ్లమ్మాయి స్కేటింగ్ తీసి, "జెర్కులు కొడుతోందిరా, కాస్త స్టెబిలైజ్ చేసిపెట్టు" అంటూ కార్డు తెచ్చాడు. "ట్రైపాడ్ మీదే తీశావు కదరా, ఇంకేం స్టెబిలైజ్ చెయ్యను?" అన్నాను. వినలేదు. సరే అని చేస్తే వెనక గోడ కూడా జెల్లీలా ఊగడం మొదలెట్టింది. అప్పుడు సెట్టింగులు తెరిచి చూపించాను, రా ఫైల్లోనే రాసుంటాయి: ఐఎస్‌ఓ (వెలుతురుకు సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 2.8, షట్టర్ సెకనులో 1/3200 వంతు. ఆ వేగంలో ప్రతి ఫ్రేమూ విడి ఫోటోలా పదునుగా పడుతుంది. పిల్ల చెయ్యి ఊపితే ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకినట్టే ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 1/50 దగ్గరుంటేనే కదలిక కాస్త అలుక్కుని కంటికి సాఫీగా అనిపిస్తుంది.

మరి 1/3200 నుంచి 1/50కి దిగితే ఆరు స్టాపుల వెలుతురు ఎక్కువవుతుంది, ఒక్కో స్టాపుకూ రెట్టింపు కాబట్టి 64 రెట్లు. వాడికేమో వెనకంతా బ్లర్ కావాలి, ఎఫ్ 2.8 వదలడు. అందుకే ఎన్‌డీ 64 ఫిల్టర్ (వెలుతురును 64వ వంతుకు తగ్గించే నల్లటి అద్దం) లెన్స్‌కు తగిలించి, అదే చోట, అదే ఎండలో మళ్లీ తీయించాను. స్టెబిలైజేషన్ మాటే మళ్లీ ఎత్తలేదు. తిప్పుతూ నలుపు పెంచుకునే వేరియబుల్ ఎన్‌డీ మాత్రం నాకు పడదు. వైడ్ లెన్స్ మీద గట్టిగా తిప్పితే ఫ్రేములో నల్లటి ఇంటూ మార్కు తేలుతుంది.

ఆకాశం విషయానికొస్తే, "రా కదా, తర్వాత లాగేద్దాం" అనేవాళ్ల మీద నాకు పెద్ద కంప్లైంటే ఉంది. నీడల్లోని వివరాలు లాగొచ్చు. మూడు రంగులూ నిండిపోయి తెల్లబడిన మేఘాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. మామూలు హిస్టోగ్రామ్ (ఎడమన చీకటి, కుడిన వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) జేపెగ్ లెక్కలో చూపిస్తుంది కాబట్టి మ్యాజిక్ లాంటర్న్‌లో రా హిస్టోగ్రామ్ పెట్టుకోండి. మేఘం పూర్తిగా తెల్లబడే ముందు దాకా గ్రాఫ్‌ను కుడివైపుకి నెట్టి, అక్కడ ఆపండి. ముఖం కాస్త చీకటిగా కనిపిస్తే టెన్షన్ పడకండి, దాన్ని ఎడిటింగ్‌లో లేపొచ్చు.

ఇవన్నీ చేశాక కూడా మధ్యమధ్యలో ఎగిరినట్టుంటే అప్పుడు కార్డును అనుమానించండి. 1920 × 1080 సైజులో 14 బిట్ రా, 24 ఫ్రేములంటే కంప్రెషన్ లేకుండా సెకనుకు సుమారు 87 ఎంబీ రాయాలి. కార్డు అందుకోలేకపోతే ఫ్రేములు ఎగిరిపోతాయి, లేదా రికార్డింగే ఆగిపోతుంది. కార్డు మీద పెద్ద అక్షరాల్లో వేసే స్పీడు చాలావరకు చదివే స్పీడే. రాసే స్పీడు ఎక్కడో చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి అసలుండదు. కొనే ముందు అది అడగండి.