కాలనీలో ఉగాది ప్రోగ్రామ్‌కి పర్మిషన్ కావాలా? (హైదరాబాద్ అనుభవంతో)

కాలనీ ఖాళీ స్థలంలో ఉగాది ప్రోగ్రామ్ పెట్టుకోవడానికి పర్మిషన్ తీసుకోవాలా అని అడిగారు. కావాలండీ. "మన కాలనీలో మనం చేసుకునేదానికి పర్మిషనేంటి" అని మీ కాలనీ పెద్దాయన అన్నారని రాశారు కదా, క్లబ్‌హౌస్ తలుపులు వేసుకుని మైకు లేకుండా చేసుకుంటే ఆయన మాట నిజమే. కానీ మీరు చెప్తున్నది ఖాళీ స్థలంలో స్టేజీ, సౌండ్ బాక్సులు, పిల్లల డాన్సులు, పక్క కాలనీల వాళ్లతో కలిపి మూడొందల మంది. అది పబ్లిక్ ప్రోగ్రామే. మా వెల్ఫేర్ అసోసియేషన్‌కి సెక్రటరీగా ఉన్నన్నాళ్లూ ఉగాదికి, బతుకమ్మకి, వినాయక చవితికి ఈ కాగితాలు పట్టుకుని తిరిగింది నేనే కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నా.

అందరూ నేరుగా పోలీస్ స్టేషన్‌కి పరిగెడతారు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఆ స్థలం ఎవరిది అని. స్టేషన్‌లో మొదట అడిగేది కూడా అదే. లేఅవుట్‌లో పార్కుగా చూపించి జీహెచ్‌ఎంసీకి అప్పగించిన స్థలమైతే అక్కడి సర్కిల్ ఆఫీసు నుంచి కాగితం తెచ్చుకోవాలి, పార్కుల సంగతి చూసేది వాళ్ల అర్బన్ బయోడైవర్సిటీ విభాగం. ఎవరిదో ఖాళీ ప్లాటైతే ఓనరు తనకు అభ్యంతరం లేదని ఒక పేపరు మీద రాసి సంతకం పెడితే సరిపోతుంది, అమెరికాలో ఉన్న ఓనరైతే కనీసం మెయిల్ ప్రింటు తీసి పెట్టుకోండి. కోర్టు గొడవలో ఉన్న స్థలమైతే దాన్ని వదిలేసి వేరేది చూసుకోవడమే మేలు.

రోడ్డు మీద చేద్దామన్న ఆలోచన ఉంటే నా సలహా, మానేయండి. రోడ్డంటే ట్రాఫిక్ పోలీసుల ఒప్పుకోలు వేరే కావాలి, అంబులెన్స్‌కి దారి చూపించాలి. రోడ్డు మీద జనం అంటే పోలీసులు భయపడటానికి కారణం ఉంది. ఆంధ్రాలో 2022 డిసెంబర్ 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయాక, గుంటూరులో ఇంకో ముగ్గురు పోయాక, రోడ్ల మీద సభల్ని కట్టడి చేస్తూ అక్కడి ప్రభుత్వం జీవో 1 తెచ్చింది. 2023 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది, అది వేరే విషయం. మీది రాజకీయ సభ కాదు, మూడొందల మందే, అయినా ఎస్సై గారి బుర్రలో తిరిగేది ఆ తొక్కిసలాటలే.

ఇక స్టేషన్‌కి ఇచ్చే లెటర్. తెలుగులో రాసినా తీసుకుంటారు, మేం ఎప్పుడూ తెలుగులోనే ఇచ్చాం. "పర్మిషన్ ఇప్పించగలరు" అని రెండు లైన్లు రాసి ఇస్తే పని జరగదు. తేదీ, మొదలయ్యే టైమ్, ముగిసే టైమ్, ఎంతమంది వస్తారు, బళ్లు ఎక్కడ పెడతారు, సౌండ్ బాక్సులు ఎన్ని, అవి ఏ వైపు తిరిగి ఉంటాయి, ముఖ్య అతిథి ఎవరు, బాధ్యత ఎవరిది, వాళ్ల ఫోన్ నంబర్లు ఇవన్నీ ఒకటే పేజీలో ఉండాలి, వెనక స్థలం స్కెచ్ చేత్తో గీసి పెట్టినా చాలు. అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఇవ్వండి. ముఖ్య అతిథి సంగతి చాలామంది దాస్తారు, చివరి నిమిషంలో ఎమ్మెల్యే గారు వస్తున్నారని చెప్తే బందోబస్తు లెక్కంతా మారిపోతుంది, స్టేషన్‌లో మీ మీద చిరాకు అక్కడే మొదలవుతుంది. బాధ్యత కింద ఒకే పేరు కాకుండా ముగ్గురి పేర్లు పెట్టండి, అందులో ఒకరైనా ఆ సాయంత్రమంతా ఫోన్ ఎత్తే మనిషై ఉండాలి.

ఇప్పుడు అసలు విషయం. లెటర్ ఇచ్చి ఇన్‌వర్డ్‌లో, అంటే వచ్చిన కాగితాలు తీసుకునే చోట, స్టాంపు కొట్టించుకుని "పర్మిషన్ వచ్చేసింది" అనుకుని ఇంటికొచ్చేవాళ్లు నూటికి తొంభై మంది ఉంటారు. ఆ స్టాంపుకి అర్థం మీ కాగితం అందింది అని మాత్రమే. 2024 డిసెంబర్ 4న సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒకావిడ చనిపోయిన తర్వాత టీవీల్లో నడిచిన వాదన గుర్తుందా? బందోబస్తు కావాలని ముందే లెటర్ ఇచ్చామని థియేటర్ వాళ్లు, ఇన్‌వర్డ్‌లో ఇచ్చి వెళ్లిపోయారు, ఆఫీసర్లెవరినీ కలవలేదని పోలీసులు. ఎవరిది తప్పన్న చర్చ నాకొద్దు కానీ, మీరు నేర్చుకోవాల్సింది దాంట్లో ఉంది. స్టాంపు వేయించుకున్నాక ఇన్‌స్పెక్టర్‌ని గానీ, మీ ఏరియా చూసే సెక్టార్ ఎస్సైని గానీ కూర్చుని కలవండి. ఆయన వచ్చి స్థలం చూస్తానంటే సంతోషించండి. పర్మిషన్ ఇస్తున్నట్టు రాసిన ఆర్డర్ కాగితం చేతికి వచ్చాకే టెంట్ హౌస్‌కి అడ్వాన్స్ ఇవ్వండి. పెద్ద జనం ఉండే ప్రోగ్రామైతే ఫైలు ఏసీపీ, డీసీపీ దాకా వెళ్తుంది, అందుకే నెల ముందే మొదలుపెట్టమంటాను. మధ్యలో ఆఫీసర్ ట్రాన్స్‌ఫర్ అయితే కొత్తాయనకి కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి, మాకు ఒక బతుకమ్మ అప్పుడు అదే అయింది, ఫైల్లో కాగితాలన్నీ వరుసగా ఉండబట్టి పెద్ద టెన్షన్ పడలేదు.

మైకు విషయంలో బేరాలు ఉండవు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్ స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మోగించకూడదు. పండగలకి అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. ఆ సడలింపు మీకు వర్తిస్తుందని మీరే అనుకోకండి. ఇళ్ల మధ్య పగటిపూట పరిమితి 55 డెసిబెల్స్, ఆస్పత్రి, స్కూలు, కోర్టు చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్. మీ స్థలం పక్కన నర్సింగ్ హోమ్ ఉందన్నారు, దూరం టేపు పెట్టి కొలవండి. పైగా ఉగాది అంటే పరీక్షల సీజన్, టెన్త్ పిల్లలున్న ఇళ్లకి ముందే వెళ్లి చెప్పండి. ఓసారి మా ప్రోగ్రామ్ నడుస్తుంటే తొమ్మిదింటికి ఎవరో 100కి ఫోన్ కొట్టారు, పెట్రోలింగ్ బండి వచ్చింది. ఆర్డర్ చూపించాం, వాళ్లే సౌండ్ తగ్గించమని చెప్పి వెళ్లారు. కాగితం లేకపోతే బాక్సులు స్టేషన్‌కి వెళ్లేవి. డీజే మాట మాత్రం ఎత్తకండి, మతపరమైన ఊరేగింపుల్లో డీజేల్ని సిటీ పోలీసులు 2024 అక్టోబర్‌లోనే నిషేధించారు, మీది ఊరేగింపు కాకపోయినా ఆ మాట వింటేనే స్టేషన్‌లో మొహం మారిపోతుంది.

కరెంటు సంగతి అన్నిటికన్నా ముఖ్యం అంటాను నేను. టెంట్ హౌస్ కుర్రాళ్లు స్తంభానికి కొక్కెం తగిలించి లాగేస్తారు, "ఎప్పుడూ చేసేదే సార్" అంటారు. ఒప్పుకోకండి. విద్యుత్ ఆఫీసులో టెంపరరీ కనెక్షన్‌కి అప్లై చేయండి, లేదా జనరేటర్ పెట్టండి. స్టేజీ మీదుగా, ఫ్లెక్సీ కట్టే చోట తీగలు ఉన్నాయేమో లైన్‌మన్‌ని పిలిచి చూపించండి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి పై తీగ తగిలి 5 మంది పోయారు, అది మన ఊళ్లోనే జరిగింది.

మిగతావి చిన్నవి. ఉగాది పచ్చడి, పులిహోర పంచడానికి ఎవరూ ఏమీ అనరు, ఫుడ్ స్టాళ్లు పెట్టి అమ్మితే మాత్రం వాళ్లకి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. కాలనీ వాళ్లే పాడుతూ, చూసేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకపోతే కాపీరైట్ చట్టంలో మినహాయింపు ఉంది, టికెట్ పెట్టి సినిమా పాటల ఆర్కెస్ట్రా పిలిస్తే లైసెన్స్ గొడవ వస్తుంది. అందుకే టికెట్ వద్దు, చందాలే మంచిది. ఎన్నికల కోడ్ ఉంటే ఈ లెక్కలన్నీ వేరు, ముందు అది కనుక్కోండి.

"పర్మిషన్లన్నీ మేమే చూసుకుంటాం" అనే ఈవెంట్ వాళ్లు తగులుతారు. వాళ్లు తెచ్చినా ఆర్డర్‌లో బాధ్యుల కింద ఉండేది మీ పేర్లే, కాబట్టి స్టేషన్‌కి మీలో ఒకరు కూడా వెళ్లండి. ఎక్కడ డబ్బు కట్టినా చలానా నంబర్ లేకుండా కట్టకండి. ఆర్డర్‌కి నాలుగు జిరాక్సులు తీసి ఒకటి సౌండ్ అతనికి, ఒకటి స్టేజీ దగ్గర ఉండే మనిషికి, ఒకటి గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి, ఒకటి మీ జేబులో పెట్టుకోండి.