బెర్తుడ్ పాస్ వెళ్లే ముందు మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అనూషకు, మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి "దానికి నువ్వైనా చెప్పరా, వద్దని" అంది. బాగా టెన్షన్ పడుతోంది. నేను మాత్రం వద్దని చెప్పడానికి రాయడం లేదు. కొన్నేళ్లుగా రిసార్టుల్లో స్కీయింగ్ చేస్తున్నావు. ఇప్పుడు మడమ లేపి నడవనిచ్చే టూరింగ్ బైండింగులు, ఎక్కేటప్పుడు జారకుండా స్కీల అడుగున అంటించే స్కిన్స్ కొనుక్కున్నావు. జనవరిలో స్నేహితులతో కొలరాడోలోని బెర్తుడ్ పాస్ కనుమకు, రిసార్టు లేని కొండల్లో స్కీ చెయ్యడానికి వెళ్లాలని అనుకుంటున్నావు. సరే, వెళ్లు. అయితే అక్కడికి వెళ్లడమంటే నీకు అలవాటైన ఆటను ఇంకాస్త పెద్ద కొండ మీద ఆడటం కాదు. అది పూర్తిగా వేరే పని.

రిసార్టులో మీరింకా నిద్ర లేవకముందే స్కీ పాట్రోల్ వాళ్లు, అంటే అక్కడి భద్రతా సిబ్బంది, వాలుల మీద పేలుడు పదార్థాలు పేల్చి, జారిపడే మంచును ముందే జార్చేస్తారు. కాలు విరిగితే స్లెడ్ తెచ్చి దింపుతారు. రిసార్టు హద్దు తాడు దాటి అవతలికి వెళ్తే ఈ రెండూ ఉండవు. కొలరాడోలో కొండల మీద వెతికి కాపాడే బృందాలవాళ్లు దాదాపుగా వాలంటీర్లే. నిద్ర మానుకుని వస్తారు, పైసా తీసుకోరు. వాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ వాళ్లు చేరేసరికి గంటలు పడుతుంది. మంచుచరియ కింద పూడిపోయినవాళ్లకు అంత సమయం ఉండదు. పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట దాటితే ఎక్కువమంది దక్కరు.

అంటే నిన్ను బతికించగలిగేది ఆ సమయానికి నీ పక్కన ఉన్నవాళ్లే. నీ ఒంటి మీది బీకన్, అంటే సిగ్నల్ పంపే చిన్న పరికరం, నిన్ను బయటికి తీయదు. అది పంపే సిగ్నల్‌ను పట్టుకుని వెతకాల్సింది నీ స్నేహితురాలు. నీ సంచిలోని పార నీకు పనికొచ్చేది కాదు, ఆమెకు పనికొచ్చేది. అందుకే ఏ వాలు, ఏ స్కీలు అని అడిగేముందు నేను అడిగేది ఒకటే. ఎవరితో వెళ్తున్నావు?

వాళ్లలో ఎంతమంది లెవెల్ 1 అవలాంచ్ కోర్సు, అంటే మంచుచరియల గురించి నేర్పే మొదటి కోర్సు, చేశారో కనుక్కో. అది మూడు రోజుల కోర్సు. దాంతోపాటు ఒక రోజు రెస్క్యూ క్లాసు కూడా ఉంటుంది. డెన్వర్ చుట్టుపక్కల నేర్పేవాళ్లకు కొదవ లేదు. నువ్వు చెయ్యకపోతే ఈ ట్రిప్పు వాయిదా వేసుకుని ముందు అది చెయ్యి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. "నాకిది బాగా లేదు, వెనక్కి వెళ్దాం" అని నువ్వంటే వాళ్లు ఏమంటారు? మొహం చిట్లించేవాళ్లు, "ఏం కాదులే, భయపడకు" అనేవాళ్లు ఎంత బాగా స్కీ చేసినా నీకు తోడు కారు. మన ఇళ్లల్లో ఆడపిల్లలకు నలుగురిలో ఎదురు చెప్పకూడదని నేర్పుతారు. ఆ అలవాటు కొండ కిందే వదిలెయ్యి.

మా ఊరి వైపు, వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ కొండల్లో స్టీవెన్స్ పాస్ అనే రిసార్టు ఉంది. 2012 ఫిబ్రవరి 19న దాని వెనక వైపున టనల్ క్రీక్ వాలులో 16 మంది ఒక జట్టుగా దిగారు. అందరూ ఆరితేరినవాళ్లే. ఆ వాలు కొందరు ఎన్నేళ్లుగానో ఎరిగినదే. రాత్రంతా కొత్త మంచు పడింది, హెచ్చరిక కూడా ఉంది. కొందరికి లోపల అనుమానం ఉన్నా, ఇంతమంది పెద్దవాళ్ల మధ్య తామేం మాట్లాడతామని ఊరుకున్నారు. మంచుచరియ విరిగింది, ముగ్గురు చనిపోయారు. జట్టు పెద్దదైన కొద్దీ ప్రతివాళ్లూ పక్కవాళ్లు ఆలోచించే ఉంటారనుకుంటారు. ముగ్గురు, మహా అయితే నలుగురు చాలు. అంతకన్నా ఎక్కువైతే రెండు జట్లుగా విడిపోండి.

అలాగని ఒంటరిగా వెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోకు. మన నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు పేరు నీకు తెలిసే ఉంటుంది. ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కాడు. మన తెలుగువాళ్లలో కొండ గురించి అంత తెలిసిన మనిషి అరుదు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతుండగా వాతావరణం పాడైంది, ఆయన తిరిగి రాలేదు. ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అలాంటి మనిషికే తోడు లేని కొండ అంత కఠినమైంది.

ఇక మంచు సంగతి. నాకు తెలిసిన కాస్కేడ్ మంచు బరువైనది, తడి ఎక్కువ. తుపాను తర్వాత రెండు మూడు రోజులు ఆగితే చాలాసార్లు కుదురుకుంటుంది. మీ కొలరాడో మంచు అలాంటిది కాదు. అక్టోబరు, నవంబరుల్లో పలచగా పడుతుంది. తర్వాత ఆకాశం తేటగా ఉండి రాత్రుళ్లు విపరీతంగా చల్లబడతాయి. నేల దగ్గర కాస్త వెచ్చగా, పైన గడ్డకట్టే చలిగా ఉండేసరికి మధ్యలోని మంచు తన అతుకు పోగొట్టుకుని పెద్ద పెద్ద పలుకులుగా మారిపోతుంది. డెప్త్ హోర్ అంటారు. దాని మీద డిసెంబరు, జనవరి తుపానులు గట్టి పొరను పరుస్తాయి. ఏటవాలుగా పెట్టిన పీట మీద పంచదార పోసి, దాని మీద పలక పెట్టినట్టు ఉంటుంది వ్యవహారం. ఒక్క స్కీయర్ బరువు చాలు, పలకంతా ఒక్కసారిగా కదలడానికి. ఈ బలహీనమైన పొర వారాల తరబడి, ఒక్కోసారి చలికాలమంతా అలాగే ఉంటుంది. "మంచు పడి వారమైంది, ఎండ కాస్తోంది, పైన ముందు వెళ్లినవాళ్ల జాడలు కూడా ఉన్నాయి" అనే మాట మీ దగ్గర ఏమాత్రం భరోసా కాదు. పదిమంది దిగిన వాలే పదకొండో మనిషి కింద విరగొచ్చు.

అందుకని ఏ వాలు అనేది కొండ మీద కాదు, ముందు రోజు రాత్రి ఇంట్లో తేల్చుకో. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ చలికాలమంతా ప్రతిరోజూ అంచనా ఇస్తుంది. ప్రమాదాన్ని 1 నుంచి 5 వరకు కొలుస్తారు. ఆ అంకె చూసి ఊరుకోకు, కింద రాసిందంతా చదువు. ఏ దిక్కుకు తిరిగిన వాలులు, ఏ ఎత్తులో, ఎలాంటి సమస్య అని వివరంగా ఉంటుంది. 3 అంటే మధ్యలో ఉందిగా అనిపిస్తుంది, కానీ చాలా మరణాలు 3 ఉన్న రోజుల్లోనే జరుగుతాయి. 4, 5 ఉన్నప్పుడు జనం ఇంట్లో ఉంటారు, 3 ఉన్నప్పుడు ధైర్యం చేస్తారు.

ఎక్కువ మంచుచరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద విరుగుతాయి. స్కీ చెయ్యడానికి సరదాగా ఉండేవీ అవే, చిక్కంతా అక్కడే. ఈ మొదటి చలికాలం 30 డిగ్రీలు దాటొద్దు. ఫోన్ మ్యాపులో వాలును రంగులతో చూపించే లేయర్ ఉంటుంది, దాన్ని చూడటం నేర్చుకో. నువ్వు నిలబడ్డ చోటు చదునుగా ఉంటే సరిపోదు. నీ పైన ఏముందో కూడా చూడు, ఎందుకంటే కింద నడుస్తూనే పై వాలును కదిలించవచ్చు. ఇరుకు వాగుల్లో, చెట్లకు ఎగువన చిన్న మంచుచరియ కూడా ప్రాణం తీస్తుంది. పూడిపోయి ఊపిరాడక పోయినవాళ్లే కాదు, చెట్లకు కొట్టుకుని పోయినవాళ్లూ ఉన్నారు.

నడుస్తుంటే కాలి కింద "వుంఫ్" అని మంచు కూలిన చప్పుడు వస్తే, స్కీ ముందు నుంచి పగుళ్లు పాకితే, అదే దిక్కు వాలు మీద కొత్తగా విరిగిన ఆనవాలు కనబడితే ఇక చర్చ అక్కర్లేదు. వచ్చిన దారినే వెనక్కి రా. గాలి మంచును ఎత్తుకొచ్చి ఒక పక్కన పోస్తున్నా, ఎండ ఒక్కసారిగా ముదిరినా అంతే. ఏదైనా వాలు దిగాల్సి వస్తే ఒక్కొక్కరుగా దిగండి. మిగతావాళ్లు భద్రమైన చోట నిలబడి, దిగేవాళ్ల మీంచి కళ్లు తిప్పకూడదు. ఎవరైనా కొట్టుకుపోతే చివరిసారి ఎక్కడ కనబడ్డారో చెప్పగలగాలి.

వెతకడం అభ్యాసం చెయ్యి. నెలకోసారి పార్కులో బీకన్ పూడ్చిపెట్టుకుని వెతకండి, చేతులు వణుకుతున్నప్పుడు బుర్ర పనిచేయదు, అలవాటు పనిచేస్తుంది. కారు దగ్గరే అందరి బీకన్లూ పంపడం, వెతకడం రెండూ సరిగ్గా చేస్తున్నాయో చూసుకోండి. ఫోన్‌ను బీకన్‌కు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టు. వెతికేటప్పుడు 50 ఉండాలి. వేడినిచ్చే బ్యాటరీ గ్లవ్స్ కూడా సిగ్నల్‌ను చెడగొడతాయి. మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీని ప్రోబ్ అంటారు. అది మనిషికి తగిలాక దాన్ని బయటికి లాగకు, అక్కడే ఉంచి, దిగువ వైపు నుంచి లోపలికి తవ్వుకుంటూ వెళ్లు. ఆగిపోయిన మంచుచరియ గట్టిగా బిగుసుకుంటుంది, పారను లోహంతో చేసినదే కొను. ముందు మొహం, ముక్కు, నోరు బయటపెట్టాలి, మిగతా ఒళ్లు తర్వాత.

చిన్న చిన్న విషయాలు కొన్ని. లోపల కాటన్ బట్టలు వేసుకోకు, చెమటకు తడిస్తే ఆరవు. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించేలా ఉండు, ఎక్కడం మొదలుపెడితే ఒళ్లు వేడెక్కుతుంది. వాలు మీద మలుపు తిరిగే కిక్ టర్న్ ముందు రిసార్టు అంచున నేర్చుకో. బెర్తుడ్ పాస్ రోడ్డే 3,400 మీటర్ల పైన ఉంటుంది, డెన్వర్‌లో ఉన్నావు కాబట్టి కాస్త నయం. అయినా తలనొప్పి, వికారం మొదలైతే దిగడమే మందు. చిన్న ప్యాకెట్‌లో వేరుశనగ చిక్కీ పెట్టుకో, చలికి రాయిలా అయ్యే ఎనర్జీ బార్ల కన్నా నోటికి బాగుంటుంది.

వేసవిలో లాంగ్స్ పీక్ శిఖరం ఎక్కుతానన్నావు కదా. దాని గురించి మళ్లీ రాస్తాను. ప్రస్తుతానికి రెండే. మధ్యాహ్నం పిడుగులు పడతాయి కాబట్టి తెల్లవారుజామున 2, 3 గంటలకే బయల్దేరాలి, పన్నెండు కాకముందే చెట్లు పెరిగే ఎత్తుకు దిగిపోవాలి. దానికి ముందు వసంతంలో సెయింట్ మేరీస్ గ్లేసియర్‌కు వెళ్లి, కింద బండలు లేని చిన్న వాలు చూసుకుని, ఐస్ యాక్స్‌తో, అంటే మంచు గొడ్డలితో, జారుడు ఆపుకోవడం నేర్చుకో. బోర్లా పడి, వెల్లకిలా పడి, తలకిందులుగా పడి, అన్ని రకాలుగా ఆపగలగాలి.

బెర్తుడ్ పాస్ వెళ్లే ముందు రాత్రి నాకు మెసేజ్ పెట్టు. ఏ దారిలో ఎక్కుతారు, ఎంతమంది, వాళ్ల పేర్లు, కారు ఎక్కడ ఆపుతారు, ఎన్ని గంటలకు తిరిగి కారు దగ్గర ఉంటారు అన్నీ రాయి. కొండ మీద చాలాచోట్ల ఫోన్ పనిచెయ్యదు, కాబట్టి శాటిలైట్ మెసెంజర్ ఒకటి తీసుకో, డబ్బు నేను పంపుతాను. నువ్వు చెప్పిన టైముకు కారు దగ్గర నుంచి మెసేజ్ రాకపోతే గంట ఆగుతాను. ఆ తర్వాత షెరిఫ్ ఆఫీసుకు ఫోన్ చేస్తాను, మీ అమ్మకు కాదు. కాబట్టి ఎంత అలసిపోయినా ముందు మెసేజ్ పెట్టి, తర్వాత బూట్లు విప్పు.

మీ మావయ్య