ఒకే కొండ, రెండు వేళలు: నా అనుభవం

ఎత్తైన పీఠభూమి మీద పొలాల నడుమ లేచి నిలబడిన కొండను చూడాలని ఉందని, చేతిలో ఒక పగలూ ఒక రాత్రీ మాత్రమే ఉన్నాయని మీరు రాశారు. ఏ వేళకు ఎక్కాలి, అందరూ చెప్పే మేఘాల సముద్రం నిజంగానే కనిపిస్తుందా, మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారిని వెంట తీసుకువెళ్లవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. అలాంటి కొండనే నేను రెండుసార్లు ఎక్కాను. మొదటిసారి అలసట తప్ప ఏమీ మిగలలేదు. రెండోసారి చూసినది ఇప్పటికీ కళ్లకు కట్టినట్లే ఉంది. కొండ మారలేదు, దారి మారలేదు, వేళ మారింది. అందుకే మీకున్న ఆ ఒక్క రాత్రిని కొండ కిందనే గడిపి, మర్నాడు తెల్లవారకముందే బయలుదేరమని చెబుతాను.

మొదటిసారి మేము మిట్టమధ్యాహ్నానికి పైకి చేరుకున్నాం. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నీడలు కురచబారిపోతాయి, నీడ లేనిదే నేల ఎత్తుపల్లాలు కంటికి ఆనవు. కింద ఉన్న మడులు, గట్లు, వాగు అన్నీ కలిసిపోయి చదునుగా పరచిన గుడ్డలా కనిపించాయి. దానికి తోడు, వేడెక్కిన నేల మీది గాలి పైకి లేస్తూ దుమ్మునూ తేమనూ మోసుకువస్తుంది కాబట్టి మధ్యాహ్నానికి దూరమంతా తెల్లగా మసకబారుతుంది. చుట్టూ ఉన్న నేలకంటే 450 మీటర్ల ఎత్తున నిలబడితే, అడ్డేమీ లేనప్పుడు దిగంతం సుమారు 75 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. ఆ రోజు మాకు పక్క లోయ అవతలి కొండ సైతం సరిగా కనిపించలేదు. పైగా రెండు గంటలు దాటేసరికి పడమట మబ్బులు పేరుకుని ఉరుము వినిపించింది. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించడానికి ప్రతి మూడు సెకన్లకూ ఒక కిలోమీటరు చొప్పున లెక్క వేసుకోవాలి. ఆ వ్యవధి ముప్పై సెకన్లలోపు ఉందంటే పిడుగు పడే చోటు పది కిలోమీటర్లలోపే ఉన్నట్లు, బోడి శిఖరం మీద అంతకన్నా ఆలోచించే సమయం లేనట్లు. ఇరవై లెక్కపెట్టేలోపే వినిపించడంతో వెంటనే దిగిపోయాం.

రెండోసారి, ఈసారి మా నాన్నగారితో కలిసి, ముందురోజు సాయంత్రమే అక్కడికి చేరుకున్నాను. పొద్దు వాలే వేళ పొలం గట్టు మీద కూర్చుని గంటసేపు కొండను కింద నుంచే చూశాం. ఈ గంటను దయచేసి వదులుకోవద్దు. ఏటవాలుగా పడే ఎండలో కొండ మడతలన్నీ విడివిడిగా తేలుతాయి. కాలిబాట ఏ వాలు మీదుగా పోతోందో, ఏ కనుమ దగ్గర మలుపు తిరుగుతోందో, బండరాళ్లు ఎక్కడ దొర్లిపడి ఉన్నాయో కింద నుంచి చూస్తేనే తెలుస్తుంది. వాలు ఎక్కుతున్నప్పుడు ఇవేవీ కనిపించవు, ఎందుకంటే చాలా కొండల పైభాగం గుండ్రంగా ఉబ్బి ఉండి అసలు కొసను దాచేస్తుంది. మొదటిసారి మేము ఇదే శిఖరం అనుకుంటూ మూడు చోట్ల ఉన్న బలమంతా ఖర్చు చేసి, ప్రతిసారీ ముందు ఇంకో గుట్ట లేవడం చూసి నీరసపడ్డాం.

ఆ గట్టు మీదుగానే గొర్రెలను తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి, రాత్రి చుక్కలు స్పష్టంగా కనిపించి గాలి ఆడకపోతే తెల్లారేసరికి లోయ నిండుతుందని చెప్పి వెళ్లారు. ఆయన మాట అక్షరాలా నిజమైంది, అందుకు కారణం కూడా ఉంది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది, దాన్ని అంటిపెట్టుకున్న గాలీ చల్లబడి బరువెక్కుతుంది. ఆ బరువైన గాలి వాలు వెంట నీటిలాగే నెమ్మదిగా కిందికి జారి లోయలో నిలుస్తుంది. అందులోని తేమ పొగమంచుగా మారుతుంది. మామూలుగా ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున చలి పెరగాలి గాని, ఇలాంటి తెల్లవారుజామున ఆ లెక్క తిరగబడి, అడుగునే ఎక్కువ చల్లగా ఉంటుంది. ముందు ఒకటి రెండు రోజులు వాన పడి నేల తడిసి ఉంటే మంచు కట్టే అవకాశం ఇంకా పెరుగుతుంది. గాలి వీస్తున్న రాత్రి గాని, మబ్బు కమ్మిన రాత్రి గాని అయితే లోయ నిండుతుందన్న ఆశ పెట్టుకోకండి. అలాంటప్పుడు కూడా ఉదయపు ఎండ చూపించే కొండల వరుసలు ఉంటాయి, అవి తక్కువేమీ కావు.

ఎప్పుడు బయలుదేరాలన్నది తేల్చుకోవడానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికివస్తుంది. నడిచే దూరంలో ప్రతి ఐదు కిలోమీటర్లకూ ఒక గంట, ఎక్కే ఎత్తులో ప్రతి 600 మీటర్లకూ ఇంకో గంట వేసుకోవాలి. మా దారి నాలుగు కిలోమీటర్లు, ఎత్తు 450 మీటర్లు, అంటే సుమారు గంటన్నర. అది గట్టివాళ్లు ఆగకుండా నడిచే వేగం కాబట్టి మేము రెండు గంటలకు పైనే పెట్టుకున్నాం. చేతిలో పట్టుకునే టార్చి కన్నా తలకు కట్టుకునే లైటు మేలు, రాళ్ల దగ్గర రెండు చేతులూ కావలసివస్తాయి. ఎక్కేటప్పుడు చెమట పడుతుందని పలుచని బట్టలతో బయలుదేరితే పైన కూర్చున్న పది నిమిషాలకే ఆ చెమట చల్లబడి వణుకు పుడుతుంది. పొడిగా ఉన్న చొక్కా ఒకటి, గాలిని ఆపే పైబట్ట ఒకటి సంచిలో తప్పక పెట్టుకోండి.

చీకట్లో పొలాల మధ్య నడుస్తున్నంతసేపూ మా చుట్టూ మంచే ఉంది. లైటు వెలుగు నాలుగు అడుగుల ముందు ఆగిపోయేది. గడ్డి మీది తేమకు పంట్లాం మోకాళ్ల దాకా తడిసి చర్మానికి అంటుకుంది. కనుమకు ఇంకా కాస్త కింద ఉండగానే ముఖానికి వెచ్చగా ఏదో తగిలినట్లైంది. పదడుగులు వేశామో లేదో మంచు భుజాల దాకా, తరువాత నడుము దాకా దిగిపోయి, తలపైన ఆకాశం విచ్చుకుంది. వెనక్కి తిరిగి చూస్తే మేము వచ్చిన దారి, పొలాలు, ఊరు ఏవీ లేవు. అక్కడొక కొస, ఇక్కడొక కొస మాత్రం తేలుతున్న తెల్లని మైదానం, దాని అంచు కొండల ఒంపుల్లోకి అలల్లాగే చొచ్చుకుపోయి మళ్లీ వెనక్కి జారుతోంది.

సూర్యుడు లేచిన కాసేపటికి ఇంకొకటి చూశాను, దాని కోసం మీరూ తప్పకుండా చూడండి. ఎండ వీపున పడేలా నిలబడి ఎదుటి మంచులోకి చూస్తే నా నీడ అక్కడ చాలా పెద్దదిగా పడింది, తల చుట్టూ చిన్న రంగుల వలయం ఉంది. చేయి ఎత్తితే ఆ నీడా ఎత్తింది. నా పక్కన నిలబడినవారికి వారి తల చుట్టూ మాత్రమే వలయం కనిపించింది, నా తల చుట్టూ ఏమీ కనిపించలేదు. ఎవరి కంటికి చేరే వెలుగు వారిదే కావడం దీనికి కారణం. జర్మనీలోని బ్రోకెన్ అనే 1141 మీటర్ల కొండ పేరుతో దీన్ని బ్రోకెన్ స్పెక్టర్ అంటారు. 1894లో స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ శిఖరం మీద ఇలాంటి వలయాలను చూసిన సి.టి.ఆర్. విల్సన్, వాటిని ప్రయోగశాలలో పుట్టించాలని మొదలుపెట్టి మేఘపేటికను తయారుచేశారు. కంటికి కనిపించని కణాల జాడలను చూపిన ఆ పరికరానికి ఆయన 1927లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఒక కొండ మీది ఉదయం అంత దూరం తీసుకుపోయిందని తెలిసినప్పటి నుంచి నాకు ఆ వలయం మీద ప్రేమ రెట్టింపైంది.

దిగేటప్పుడు తొందరపడకండి. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం మోకాళ్లకూ తొడలకూ పరీక్ష. తొడ కండరాలు సాగుతూ బరువును ఆపవలసి రావడం వల్ల నొప్పి ఆ రోజు కాక మర్నాడూ ఆ పైరోజూ బయటపడుతుంది. అడుగులు చిన్నవిగా వేస్తూ, తడిసిన గడ్డి మీద పాదాన్ని అడ్డంగా పెట్టాలి. మంచు మళ్లీ కమ్మి దారి కనిపించకపోతే ఉన్నచోటనే కూర్చోండి. అడ్డదారి వెతకడమే ప్రమాదం. ఆ దారి చాలావరకు ఎవరివో పొలాల గుండా పోతుందన్నది కూడా గుర్తుంచుకోండి. తీసి ఉన్న గేటును తీసే ఉంచాలి, మూసి ఉన్నదాన్ని దాటిన వెంటనే మూయాలి. ఒక్క గేటు తెరిచి వదిలితే మంద మొత్తం పంటలో పడుతుంది.

ఇక మీ అమ్మగారి సంగతి. మా నాన్నగారికీ మోకాళ్ల నొప్పులే. ఆయన కనుమ దాకా, అంటే ఎత్తులో ఇంచుమించు మూడింట రెండు వంతుల దాకా, చేతికర్ర ఊతంతో మాకంటే గంట ముందుగా బయలుదేరిన మా అన్నయ్య తోడుగా వచ్చారు. అక్కడొక బల్లపరుపు బండ మీద దుప్పటి వేసి కూర్చోబెట్టి మేము పైకి వెళ్లాం. మంచు పైఅంచు కనుమకు కాస్త కిందనే ఉండడం వల్ల ఆయనకు దృశ్యంలో ఏ లోటూ రాలేదు. మేము తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరి లోయ ఖాళీ అవుతోంది. ఆయన మా వైపు తిరగకుండానే చేయి చాపి, ముందు చెట్టు కొస కనిపించిందని, తరువాత ఆ కప్పు, దాని పక్క కప్పు, ఆపైన వాగు వంపు బయటపడ్డాయని ఒక్కొక్కటే వరసగా చూపించారు. శిఖరం మీద ఉన్న మాకు అందులో సగం కూడా కనిపించలేదు. కాబట్టి మీ అమ్మగారిని కనుమ దాకా తప్పకుండా తీసుకువెళ్లండి, ఆమె కూర్చునే చోటు లోయ వైపు ముఖం పెట్టి ఉండేలా ముందురోజు సాయంత్రమే చూసిపెట్టుకోండి.