జెండర్ కన్సల్టెంట్ కావాలంటే ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నమస్తే మేడం. సోషియాలజీలో ఎమ్మే చేశాను. రెండేళ్లుగా ఒక స్వచ్ఛంద సంస్థలో సర్వే డేటా చూస్తున్నాను. జెండర్, అభివృద్ధి అంశాల మీద పాలసీ కన్సల్టెంట్‌గా స్థిరపడాలని ఉంది. ఉద్యోగం మానేసి ఇప్పుడే మొదలుపెట్టవచ్చా, ఇంకో డిగ్రీ చేయాలా? ఇంట్లో వాళ్లేమో "ఆడవాళ్ల సమస్యల మీద ఉపన్యాసాలివ్వడం కూడా ఒక ఉద్యోగమేనా" అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగం మాత్రం ఇప్పుడే మానకండి. కన్సల్టెంట్‌ని పిలిచేది జెండర్ గురించి తెలుసని కాదు. నీళ్లో, ఆరోగ్యమో, వ్యవసాయమో, ఏదో ఒక రంగం లోతుగా తెలిసి, అందులో ఆడవాళ్లు ఎక్కడ లెక్కలోంచి జారిపోతున్నారో చూపించగలరని పిలుస్తారు. ఆ చూపు రావడానికి నాకు ఏళ్లు పట్టింది.

కొత్తలో ఒక తాగునీటి పథకం సమీక్షకు వెళ్లాను. కమిటీలో సగం మంది ఆడవాళ్లే అని రికార్డులో ఉంటే బాగుందని రాసేశాను. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి మినిట్స్ పుస్తకం తిరగేస్తే, వాళ్లలో ఒక్కరు మాట్లాడినట్టు కూడా లేదు, ఎందుకంటే మీటింగ్ పెట్టేది పొద్దున్నే, సరిగ్గా వాళ్లు నీళ్లు మోసుకొచ్చే వేళకి, సంతకాలేమో ఆ తర్వాత ఇళ్లకు వెళ్లి పెట్టించుకునేవారు. నేను రాసిన "సగం" అంకె నిజమే, అయినా ఆ వాక్యం తప్పు. రిపోర్టు తిరగరాశాను. ఆ తర్వాత ఏ రికార్డు చూసినా ముందు అడిగేది ఒకటే, ఈ మీటింగ్ ఎన్నింటికి పెట్టారు?

చదవాల్సినవి ఉన్నాయి. ఆడవాళ్ల మీద వివక్షను తొలగించాలని ఐక్యరాజ్యసమితి చేసిన 1979 నాటి సీడా (CEDAW) ఒప్పందం, ప్రపంచ మహిళా సదస్సులో ఆమోదించిన 1995 బీజింగ్ కార్యాచరణ పత్రంలోని 12 అంశాలు తెలియకుండా ఈ రంగంలో ఎవరితోనూ మాట్లాడలేరు. అంతకన్నా ముఖ్యం, ఆడవాళ్ల రోజువారీ అవసరాలకూ, వాళ్ల స్థానాన్నే మార్చే అవసరాలకూ మధ్య 1985లో పరిశోధకురాలు మాక్సిన్ మోలినూ చెప్పిన తేడా, దాన్ని తర్వాత మరో పరిశోధకురాలు కరోలిన్ మోజర్ ప్రణాళికలకు పనికొచ్చే సాధనంగా మలిచారు. ఇంటి దగ్గరికి కుళాయి వస్తే ఆమెకు ఈ రోజు పని తగ్గుతుంది, అదే భూమి పట్టాలో ఆమె పేరు ఎక్కితే ఇంట్లో ఆమె మాట విలువే మారుతుంది. రెండూ అవసరమే, కానీ చాలా పథకాలు మొదటిది చేసి రెండోది చేసినట్టు చెప్పుకుంటాయి. బడ్జెట్ చదవడం కూడా నేర్చుకోండి. ప్రభుత్వ ఖర్చు ఆడవాళ్లకు ఏం చేస్తోందని 1984లోనే ఆస్ట్రేలియా లెక్క తీయడం మొదలుపెట్టింది. మీకు డేటా వచ్చు కాబట్టి ఇక్కడ మీరు చాలామంది కంటే ముందుంటారు.

ఇక డబ్బు సంగతి. ముప్పై రోజుల పని అని ఒప్పందంలో ఉంటుంది, రిపోర్టు మీద వచ్చిన కామెంట్లకు జవాబులు రాసేసరికి ఎన్నో వారాలు అదనంగా పడతాయి, చెల్లింపులు విడతలుగా, చాలాసార్లు రిపోర్టు ఆమోదించాకే వస్తాయి. కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో లేకుండా దిగవద్దు, ఎందుకంటే అప్పు మీద బతికే మనిషికి "ఈ పేరా తీసేయండి" అన్నవాళ్లకు కాదని చెప్పడం చాలా కష్టం. నాకు పని ఇచ్చిన ఒక సంస్థ ఒకసారి ఏకంగా ఒక అధ్యాయమే తీసేయమంది. భాష మెత్తగా మార్చాను, లెక్కలు మాత్రం మార్చలేదు. మళ్లీ వాళ్ల నుంచి పిలుపు రాలేదు. ఇప్పుడైనా అదే చేస్తాను.

ఇంకో డిగ్రీ? అక్కర్లేదు. గణాంకాల్లో ఒక మంచి కోర్సు, ఫీల్డులో ఇంకో మూడేళ్లు, మీ పేరుతో రెండు మూడు రిపోర్టులు ఉంటే చాలు. గృహహింస లాంటి విషయం అడగాల్సి వస్తే మాత్రం శిక్షణ లేకుండా అస్సలు అడగవద్దు. ఆమె ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి, ఎవరైనా గదిలోకి వస్తే ఆ ప్రశ్న అక్కడే ఆపేయాలి. మన ప్రశ్న వల్ల ఆమెకు దెబ్బలు తగలకూడదు.

ఇంట్లో వాళ్లతో వాదించకండి. జీతం లేని ఇంటిపని కూడా పనే అని 2013లో అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల సదస్సు తన నిర్వచనంలో చేర్చింది. దాన్ని కొలిచేదే టైమ్ యూజ్ సర్వే. ఒక కాగితం మీద పావుగంటకో గడి గీసి, రేపు మీ ఇంట్లో ఎవరు ఏ గడిలో ఏం చేశారో రాసి వాళ్లకు చూపించండి. వంట చేస్తూనే పిల్లల్ని చూసుకున్న గడిలో రెండు పనులూ రాయండి, కొత్తగా సర్వే చేసేవాళ్లు ఎక్కువగా వదిలేసేది అదే.