ఇంట్లో మెయిల్ సర్వర్ పెడితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బజార్లో చిన్న ఫ్యాన్సీ కొట్టు ఉంది. అబ్బాయి గుణుపూర్‌లో బీటెక్ మూడో ఏడు. కొట్లో మూలపడ్డ పాత కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చి లైనక్స్ ఎక్కించాడు. కొట్టు పేరున డొమైన్ కొని, బయటివాళ్లు పంపే ఈమెయిల్ నేరుగా ఆ కంప్యూటర్‌కే వచ్చేలా చేస్తానన్నాడు. రెండు నెలలైంది, ఒక్క మెయిలూ రాలేదు. శనివారం రైలు దిగి ఇంటికొస్తే దాని ముందే కూర్చుంటాడు. మార్కులు పోతాయేమోనని భయంగా ఉంది. కరెంటు బిల్లు పెరిగింది. జీమెయిల్ ఊరికే ఇస్తుంటే ఇదెందుకండీ? దీంతో ఉద్యోగం వస్తుందా?

జవాబు: అయ్యా, మెయిల్ రాకపోవడంలో మీవాడి తప్పేమీ లేకపోవచ్చు. ముందు అది తేలాలి. ఈ కిందిది అబ్బాయికి చూపించండి.

ఎవరైనా మీ కొట్టు డొమైన్‌కు మెయిల్ పంపితే, వాళ్ల సర్వర్ ముందు డీఎన్ఎస్‌ను, అంటే ఇంటర్నెట్ పేర్ల చిట్టాను, అడుగుతుంది: ఈ పేరు మీద వచ్చే మెయిల్ తీసుకునేదెవరు? ఆ జవాబు ఎంఎక్స్ రికార్డులో ఉంటుంది. అందులో ఐపీ నంబరు (ఇంటర్నెట్‌లో మెషిన్ చిరునామా) కాదు, మెషిన్ పేరు రాయాలి. ఆ పేరుకు ఐపీ నంబరును వేరే రికార్డులో ఇవ్వాలి. అప్పుడా సర్వర్ వచ్చి మీ ఇంటి 25వ పోర్టు (సర్వర్ల మధ్య మెయిల్ వచ్చే దారి) తలుపు తడుతుంది. పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్ తలుపు తీసి మెయిల్ అందుకుంటుంది, డవ్‌కాట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ దాన్ని ఫోన్లో చదువుకునేందుకు అందిస్తుంది.

చిక్కు ఎక్కువగా తలుపు దగ్గరే ఉంటుంది. రౌటర్ పేజీ తెరిచి బయటివైపు ఐపీ ఎంతుందో చూడమనండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీకు సొంత నంబరు లేనట్టే. ఇంటర్నెట్ కంపెనీ ఒకే నంబరును చాలా ఇళ్లకు కలిపి వాడుతోంది. అపార్ట్‌మెంట్‌కు ఒకటే డోర్ నంబరు ఉండి ఫ్లాట్ నంబర్లు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? ఇక పోస్ట్‌ఫిక్స్‌లో ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు. కంపెనీని స్టాటిక్ ఐపీ (మారని సొంత నంబరు) అడగాలి, 25వ పోర్టు తెరిచి ఉంచుతారా అనీ అడగాలి. కుదరకపోతే బయట చిన్న వీపీఎస్ (ఇంటర్నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్) అద్దెకు తీసుకుని, మెయిల్ అక్కడ అందుకుని, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగంలోంచి ఇంటికి తెచ్చుకోవచ్చు.

ఇంకో మోసం ఉంది. హాస్టల్ వైఫై నుంచో మొబైల్ డేటా నుంచో పరీక్షిస్తే, అక్కడినుంచి బయటికెళ్లే 25వ పోర్టే మూసి ఉండొచ్చు. తప్పంతా ఇంటి సర్వర్‌దే అనుకుని వారాలు పోతాయి. ఆ పోర్టు తెరిచి ఉన్న బయటి మెషిన్ నుంచి టెల్నెట్ (అవతలి పోర్టుకు నేరుగా కలిపే కమాండ్) కొట్టమనండి. అవతల 220 అని పలకాలి. ఈహెచ్ఎల్ఓ (సర్వర్‌కు పలకరింపు), ఎవరినుంచి, ఎవరికి అన్నీ చేత్తోనే టైపు చేసి, డేటా అని చెప్పి, రెండు ముక్కలు రాసి, చివర ఒక లైనులో చుక్క ఒక్కటే పెట్టి ఎంటర్ కొడితే 250 రావాలి. ఆ 250 కనిపించిన రోజు వాడు మీకూ చూపిస్తాడు, చూడండి.

కరెంటు పోతే మెయిల్స్ పోతాయని టెన్షన్ వద్దు. మెషిన్ పలకకపోతే పంపినవాళ్ల సర్వర్ మామూలుగా నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మెషిన్ ఆన్‌లో ఉండి సెట్టింగ్ తప్పితేనే ప్రమాదం. ఆ పేరుతో ఎవరూ లేరని 550 చెప్పేస్తే మెయిల్ అక్కడికక్కడే తిరిగి వెళ్లిపోతుంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. తొలి ఉద్యోగంలో పోస్ట్‌ఫిక్స్‌లో ఎవరి మెయిల్‌ను బయటికి పంపాలో చెప్పే మైనెట్‌వర్క్స్ అనే ఒక్క లైనులో ఎవరినైనా నమ్మేలా రాసి ఇంటికెళ్లిపోయాను. తెల్లారేసరికి క్యూ నిండా ముక్కూమొహం తెలియనివాళ్ల స్పామ్. మా ఐపీ బ్లాక్‌లిస్టుకెక్కింది, దాన్ని దింపడానికి వారం పట్టింది. అందుకే బయటి డొమైన్‌కు మెయిల్ పంపబోతే ‘రిలే యాక్సెస్ డినైడ్’ (బయటివాళ్ల మెయిల్ ఇక్కడినుంచి పంపం) అనే వస్తోందో లేదో మీవాణ్ని ముందే చూసుకోమనండి. ఇంటి ఐపీ నుంచి మెయిల్ పంపే జోలికి ఇప్పట్లో పోవద్దు, చాలామంది తీసుకోరు. కొట్టు బ్యాంకు మెయిల్స్, ఉద్యోగ దరఖాస్తులు పాత జీమెయిల్‌లోనే ఉండనివ్వండి.

ఇక ఉద్యోగం. ఒట్టి మెయిల్ సర్వర్ చూసుకునే కొలువులు తగ్గిపోయాయి. కంపెనీలు ఎక్కువగా గూగుల్ వర్క్‌స్పేస్‌కో మైక్రోసాఫ్ట్ 365కో మారాయి. కానీ అక్కడా ఎంఎక్స్‌నూ, మెయిల్ నిజంగా ఆ డొమైన్‌దేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్‌లనూ సరిచేసే మనిషి కావాలి. లైనక్స్ అడ్మిన్, హోస్టింగ్ సపోర్ట్, క్లౌడ్ సపోర్ట్ ఇంటర్వ్యూల్లో ‘మెయిల్ రాలేదని కస్టమర్ ఫోన్ చేశాడు, ముందు ఏం చూస్తావ్?’ లాంటి ప్రశ్నలు పడతాయి. రెండు నెలలు ఒక్క మెయిల్ కోసం లాగ్ తవ్వినవాడికి చెప్పడానికి చాలా ఉంటుంది. అందుకే ఏ రోజు ఏం మార్చాడో, ఏమైందో నోట్‌బుక్‌లో రాయమనండి. రెజ్యూమెలో ‘లైనక్స్ వచ్చు’ అని రాసుకునేవాళ్లు కోకొల్లలు. ఇలాంటి నోట్‌బుక్ ఉన్నవాళ్లు తక్కువ.

తర్వాత కావాలంటే ఆర్‌హెచ్‌సీఎస్ఏ అనే రెడ్ హ్యాట్ కంపెనీ లైనక్స్ పరీక్ష రాయొచ్చు. అందులో టిక్కులు పెట్టడం ఉండదు, మెషిన్ మీద పని చేసి చూపించాలి. దానికోసం అప్పు చేసి కోచింగ్‌లో చేర్చకండి. విశాఖలోనైనా భువనేశ్వర్‌లోనైనా సపోర్ట్ ఉద్యోగమంటే మొదట్లో నైట్ షిఫ్టులు తప్పకపోవచ్చు, అదీ ముందే తెలియాలి. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, పైన హిందీ, ఇంగ్లిష్ వచ్చిన మీ ఊరి పిల్లలకు సపోర్ట్ పనిలో అదో బలం.

మార్కుల విషయంలో మాత్రం మీ భయమే నిజం. క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీలు 60 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం అనే గీత దగ్గరే ఆపేస్తాయి. సర్వర్ కథ చెప్పే అవకాశం ఆ గీత దాటితేనే వస్తుంది. పరీక్షల నెలలో మెషిన్ ఆపేయమనండి, మళ్లీ పెట్టుకోవచ్చు.

కరెంటు సంగతి. ఆ పాత డెస్క్‌టాప్ 80 వాట్లు లాగితే రోజంతా ఆన్‌లో ఉంచినందుకు నెలకు 57 యూనిట్లు దాటుతుంది. 20 వాట్ల పాత ల్యాప్‌టాప్ అయితే 15 యూనిట్లలోపే, పైగా కరెంటు పోయినా కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే బ్యాటరీ ఉబ్బి ఉందేమో అడుగు భాగం తిప్పి చూసి మరీ తీసుకోండి.